హెచ్చరిక: గూగుల్‌లో దొరికిన కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయకండి

ఏసీ చల్లబడటం లేదు. పార్సిల్ డెలివరీ అయిందని మెసేజ్ వచ్చింది, ఇంటికి మాత్రం ఏమీ రాలేదు. యూపీఐలో మన ఖాతా నుంచి డబ్బు కట్ అయింది, షాపతనికి చేరలేదు. ఇలాంటి చికాకు వచ్చినప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. ఫోన్ తీసి, కంపెనీ పేరు కొట్టి, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని చేర్చి, తెరమీద పైన కనిపించిన నంబరుకు డయల్ చేస్తాం. ఈ అలవాటును ఈ రోజుతో ఆపేయండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే, కొత్తగా స్మార్ట్‌ఫోన్ చేతికొచ్చిన వాళ్లుంటే కూర్చోబెట్టి మరీ చెప్పండి. ఆ నంబరు కంపెనీదే కావచ్చు, దొంగదీ కావచ్చు. తెరమీద చూసి ఏది ఏదో తేల్చుకోవడం చదువుకున్నవాళ్ల వల్ల కూడా కావడం లేదు.

మిగతా సైబర్ మోసాలకూ దీనికీ పెద్ద తేడా ఉంది. లాటరీ తగిలిందనో, మీ పేరున డ్రగ్స్ పార్సిల్ పట్టుబడిందనో వచ్చే ఫోన్లను జనం ఇప్పుడు కాస్త అనుమానంగానే ఎత్తుతున్నారు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే నమ్మొద్దని పోలీసులు, బ్యాంకులు, పత్రికలు ఏళ్ల తరబడి చెప్పగా చెప్పగా వచ్చిన జాగ్రత్త అది. నకిలీ కస్టమర్ కేర్ దగ్గర ఆ జాగ్రత్త అక్కరకు రాదు. ఇక్కడ ఫోన్ చేసేది మనమే. సమస్య నిజం, కంపెనీ నిజం, మనకు రావలసిన డబ్బూ నిజం. మనం వెతుక్కుని చేసిన నంబరు కాబట్టి, అవతల ఉన్నది ఎవరని అడగాలన్న ఆలోచనే రాదు. పైగా మన పేరు, ఆర్డర్ నంబరు, ఏ బ్యాంకు, ఎంత డబ్బు ఇరుక్కుంది, అన్నీ మొదటి నిమిషంలో మనమే చెప్పేస్తాం. కాసేపటికి అతను వాటినే మనకు తిరిగి వినిపిస్తుంటే, కంప్యూటర్లో మన రికార్డు చూసి మాట్లాడుతున్నాడని నమ్ముతాం.

ఆ ఫోన్ ఎలా నడుస్తుందో దగ్గరగా చూడండి. పోలీసు ఫిర్యాదుల్లో ఇంచుమించు ఇదే వరస మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మొదటి రింగులకే ఎత్తుతారు. ఎత్తకపోతే రెండు నిమిషాల్లో వాళ్లే తిరిగి చేస్తారు. "నమస్కారం సార్, కస్టమర్ కేర్‌కు స్వాగతం. మీ ఇబ్బందికి సారీ సార్" అని మర్యాదగా, చాలాసార్లు మంచి తెలుగులోనే మొదలుపెడతారు. "మీ రిఫండ్ మా దగ్గర పెండింగ్ చూపిస్తోంది. సర్వర్ ప్రాబ్లం వల్ల ఆగింది. ఇప్పుడే క్లియర్ చేస్తాను, లైన్ కట్ చేయకండి." ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. లైన్ కట్ చేయనివ్వకపోవడమే వాళ్ల పద్ధతి. ఫోన్ పెట్టేస్తే మనం ఇంట్లో ఎవరినైనా అడుగుతాం, కొంచెం ఆలోచిస్తాం. ఆ వ్యవధి మనకు దొరకకూడదు.

తర్వాత వాట్సాప్‌లో ఒక లింక్ వస్తుంది. దాన్ని నొక్కితే 'సపోర్ట్' లాంటి పేరుతో ఒక యాప్ దిగుతుంది. ఇన్‌స్టాల్ చేయమంటారు, అడిగిన పర్మిషన్లన్నీ ఇమ్మంటారు. లేదా తెరను అవతలివాళ్లకు చూపించే ఎనీడెస్క్ లాంటి యాప్‌ను ప్లేస్టోర్ నుంచే దింపించి, తెరమీద వచ్చే అంకెలు చెప్పమంటారు. ఎనీడెస్క్ దొంగ యాప్ కాదు, ఆఫీసుల్లో ఐటీ సిబ్బంది రోజూ వాడేదే. దాన్ని అడ్డం పెట్టుకుని ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ఇన్నేళ్లయినా అదే ఎత్తు ఇంకా పారుతోంది. ఆ యాప్ ఆన్‌లో ఉంటే మన తెరమీద ఏది కనిపిస్తే అది అవతల కూడా కనిపిస్తుంది. వాట్సాప్ లింక్ నుంచి నేరుగా దిగే ఆ యాప్ (ఏపీకే ఫైల్) ఇంకా ప్రమాదకరం. అది మన ఫోన్‌కు వచ్చే ఎస్ఎంఎస్‌లను మనకు తెలియకుండానే వేరొకరికి పంపించగలదు. ఓటీపీ మనం చెప్పక్కర్లేదు, దానంతట అదే వెళ్లిపోతుంది.

ఇంకో ఎత్తు మరీ మోసపూరితమైనది. "వెరిఫికేషన్ కోసం 5 రూపాయలు పంపండి" అని యూపీఐ యాప్ తెరిపిస్తారు. ఆ తర్వాత "ఆ ఖాళీ గడిలో మీ రిఫండ్ కోడ్ కొట్టండి సార్, నాలుగు, తొమ్మిది, ఎనిమిది, ఏడు, అయిదు" అంటారు. ఆ గడి కోడ్‌ది కాదు, మనం పంపే మొత్తానిది. ఒక్కో అంకె విడివిడిగా చెప్పడం వల్ల అవి 49,875 రూపాయలని వినేవాళ్లకు తట్టదు. కింద పిన్ కొడితే డబ్బు పోయినట్టే. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్‌తో గానీ, క్యూఆర్ స్కాన్ చేయడంతో గానీ పనిలేదు. ఈ ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిస్తే రిఫండ్ పేరుతో జరిగే మోసాల్లో చాలా వాటిని మొదట్లోనే తుంచేయవచ్చు.

ఇంతకీ ఆ నంబర్లు గూగుల్‌లోకి ఎలా చేరుతున్నాయి? దారులు చాలా ఉన్నాయి. కంపెనీ వెబ్‌సైట్‌ను అచ్చుగుద్దినట్టు ఇంకొకటి తయారు చేస్తారు. సెర్చ్ ఫలితాల్లో పైన కనిపించేలా డబ్బు కట్టి ప్రకటన వేస్తారు. ఫేస్‌బుక్, ఎక్స్‌లో కంపెనీ లోగోతో ఖాతాలు తెరిచి, ఎవరైనా కంపెనీ మీద ఫిర్యాదు రాయగానే "మీ నంబరు మెసేజ్ చేయండి, సాయం చేస్తాం" అని కింద వాలిపోతారు. గూగుల్ మ్యాప్స్‌లో ఉండే ఫోన్ నంబరును మార్చాలని ఎవరైనా సూచించవచ్చు. ఆ సదుపాయాన్ని వాడుకుని బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖల వివరాల్లో దొంగ నంబర్లు చొప్పించారని 2018లో మహారాష్ట్ర పోలీసులకు ఫిర్యాదులు వెళ్లాయి. మ్యాప్‌లో బ్యాంకు పేరు సరైనదే, చిరునామా సరైనదే, ఫోటో కూడా ఆ శాఖదే. నంబరు ఒక్కటే వేరు. ఇప్పుడు కొందరు గూగుల్ మాని ఏఐ చాట్‌బాట్లను అడుగుతున్నారు. అవి కూడా నెట్‌లో పోగైన సమాచారం నుంచే జవాబు తెస్తాయి. నెట్‌లో దొంగ నంబరు ఉంటే దాన్నే ధీమాగా మన చేతిలో పెట్టవచ్చు.

ఖాతాలోంచి డబ్బు దోచే మోసం కాకుండా, పట్టణాల్లో వేసవి రాగానే మొదలయ్యే ఇంకో రకం కూడా ఉంది. ఏసీ, వాషింగ్ మెషీన్, వాటర్ ప్యూరిఫయర్ కంపెనీల పేరు పెట్టుకుని 'ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్' అంటూ ఎవరెవరో నెట్‌లో నంబర్లు పెడతారు. మెకానిక్ ఇంటికి వస్తాడు, కంపెనీ టీషర్ట్ కూడా వేసుకుని ఉంటాడు. బాగున్న భాగాన్ని పాడైందని చెప్పి, డూప్లికేట్ పార్టు వేసి, ఒరిజినల్ ధర తీసుకుపోతాడు. వారంటీ ఉందని తర్వాత అసలు కంపెనీకి ఫోన్ చేస్తే, బయటివాళ్లు విప్పిన మెషీన్‌కు వారంటీ వర్తించదంటారు. వీటిని జనం ఫిర్యాదు దాకా తీసుకెళ్లరు, తిట్టుకుని ఊరుకుంటారు.

దేశంలో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్న డబ్బు 2023లో 7,465 కోట్ల రూపాయలు, 2024లో 22,845 కోట్లు అని కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఇది అన్ని రకాల సైబర్ మోసాలదీ కలిపిన లెక్క. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు. దొంగతనం ఈ వేగంతో పెరిగిందంటే ఒక్కడు గదిలో కూర్చుని చేసే పని కాదని అర్థమవుతుంది. దీని వెనక టీంలు ఉన్నాయి. ఒకరు సిమ్ కార్డులు సమకూరుస్తారు. ఒకరు కమీషన్ ఆశ చూపి అమాయకుల బ్యాంకు ఖాతాలు అద్దెకు తెస్తారు. ఒకరు ప్రకటనలు, వెబ్‌సైట్లు చూసుకుంటారు. ఫోన్ మాట్లాడేవాళ్లు వేరు, డబ్బు పడగానే నిమిషాల్లో నాలుగైదు ఖాతాలకు మళ్లించేవాళ్లు వేరు, ఏటీఎం దగ్గర నిలబడి డ్రా చేసేవాళ్లు వేరు. జార్ఖండ్‌లోని జామ్‌తారా పేరు ఇలాంటి ముఠాలతోనే దేశమంతా మోగింది. ఇప్పుడు ఆ వ్యాపారం సరిహద్దులు దాటింది. ఉద్యోగాలంటూ విశాఖపట్నం, చుట్టుపక్కల జిల్లాల యువకులను కంబోడియా తీసుకెళ్లి, అక్కడ బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించారని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. తెలుగువాళ్లకు ఫోన్ చేయడానికి తెలుగు వచ్చినవాళ్లు కావాలి. మన పిల్లలను తీసుకెళ్లి మన వాళ్లనే దోపించారు.

ఖాతా అద్దెకు ఇచ్చే కుర్రాళ్లకు ఇక్కడే ఒక మాట. "నీ అకౌంట్‌లో డబ్బు పడుతుంది, డ్రా చేసి ఇస్తే కమీషన్" అని స్నేహితుడు అడిగినా సరే, ఒప్పుకోకండి. డబ్బు జాడ పట్టుకుని పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. ఫోన్‌లో, కంప్యూటర్‌లో వేరొకరి పేరు చెప్పుకుని మోసం చేస్తే ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఖాతా ఇచ్చి అందులో చేయి కలిపినవాళ్లూ ముద్దాయిలవుతారు.

మరి నంబరు కావాలంటే ఎక్కడ చూడాలి? డెబిట్ కార్డు వెనక ఉంటుంది. పాస్‌బుక్ మీద ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు గురించయితే ఆ యాప్‌లోనే మీ ఆర్డర్ తెరిచి 'హెల్ప్' నొక్కండి, బయటికి వచ్చి వెతకొద్దు. ఏసీ, ఫ్రిజ్ అయితే బిల్లు, వారంటీ కార్డు తీయండి. వెబ్‌సైట్‌కు వెళ్లక తప్పకపోతే సెర్చ్ చేయకుండా చిరునామా మీరే టైప్ చేయండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'తో ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించింది. బ్యాంకు పేరుతో ఉన్న సైట్ చివర ఆ ముక్క లేకపోతే వెనక్కి వచ్చేయండి. అదీ తెలియకపోతే బ్యాంకు శాఖకు నడిచి వెళ్లండి. ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు. ఇంకా మంచిది, మీరు వాడే బ్యాంకు, గ్యాస్, కరెంటు, ఫోన్ కంపెనీల అసలు నంబర్లను ఇప్పుడే, ఏ సమస్యా లేనప్పుడే, కాంటాక్ట్స్‌లో సేవ్ చేసుకోండి. కంగారులో ఉన్నప్పుడు వెతికితేనే కదా దొంగ చేతికి చిక్కేది.

ఫోన్‌లో మాట్లాడుతుండగా ఏదైనా యాప్ దింపమన్నా, పిన్ కొట్టమన్నా, ఓటీపీ అడిగినా, స్టార్‌తో మొదలయ్యే ఏదో నంబరు డయల్ చేయమన్నా వెంటనే పెట్టేయండి. ఆ స్టార్ నంబరు కొడితే మీకు రావలసిన కాల్స్ వేరే ఫోన్‌కు మళ్లిపోవచ్చు, ఓటీపీ కాల్స్ సహా. పొరపాటున కొట్టి ఉంటే హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ డయల్ చేస్తే కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ రద్దవుతాయి. అసలు కస్టమర్ కేర్‌కు మీ తెర చూడవలసిన అవసరం గానీ, మీ పిన్ తెలియవలసిన అవసరం గానీ ఎప్పుడూ ఉండదు.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బంధువులకు చెప్పుకోవడం, దొంగ నంబరుకే మళ్లీ మళ్లీ చేసి బతిమాలడం, రేపు ఉదయం స్టేషన్‌కు వెళ్దామనుకోవడం, వీటిలో ఏ ఒక్కటి చేసినా డబ్బు చేయి దాటిపోతుంది. 1930లో వివరాలు నమోదు కాగానే ఏ బ్యాంకు ఖాతాకు డబ్బు వెళ్లిందో ఆ బ్యాంకుకు సమాచారం చేరుతుంది, మిగిలి ఉన్న మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. అక్కడి నుంచి అప్పటికే ఇంకో ఖాతాకు మళ్లి ఉంటే ఆ బ్యాంకును పట్టుకుంటారు. అందుకే పోలీసులు మొదటి గంటను బంగారు గంట అంటారు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఇలా ఆగిన డబ్బును తెలంగాణలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. ఆలస్యంగా చేసిన ఫిర్యాదుకు తిరిగి ఇప్పించడానికి ఖాతాలో ఏమీ మిగలదు.

ఆ వెంటనే మీ బ్యాంకుకూ చెప్పండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇందులో జనానికి తెలియని హక్కు ఒకటి ఉంది. 2017 జులై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా వేరెక్కడో లోపం వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లోపు మనం బ్యాంకుకు చెబితే ఆ నష్టం మన మీద పడదు. బ్యాంకు తప్పే అయితే మనం చెప్పామా లేదా అన్న ప్రశ్నే లేదు. పిన్, ఓటీపీ మనమే ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పే దాకా పోయింది మన నష్టమే, చెప్పిన తర్వాత పోయింది మాత్రం బ్యాంకు భరించాలి. అంటే ఓటీపీ ఇచ్చేశాం కదా, ఇక ఎవరికి చెప్పి ఏం లాభం అని కుంగిపోయి కూర్చోకూడదు. ఒక్కో నిమిషానికీ విలువ ఉంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. దానికి సాయం చేసే నంబరు 14448. వస్తువులు, సేవల ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఫిర్యాదు చేసిన కొన్ని రోజులకు "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ వస్తే అదీ మోసమే. ఒకసారి చిక్కినవాళ్ల పేర్లను ఈ ముఠాలు ఊరికే వదలవు.

ఇక్కడిదాకా చెప్పింది జనానికి. అసలు బాధ్యత ఉన్నవాళ్లకు చెప్పవలసింది ఇంకా ఉంది.

జనం గూగుల్‌లో ఎందుకు వెతుకుతున్నారు? కంపెనీ తన నంబరును దాచిపెట్టింది కాబట్టి. చాలా యాప్‌లలో మనిషితో మాట్లాడాలంటే 'హెల్ప్' నొక్కాలి, తరచూ అడిగే ప్రశ్నలు దాటాలి, చాట్‌బాట్‌తో నాలుగుసార్లు ఒకే మాట చెప్పాలి, అప్పటికీ నంబరు కనిపించదు. నంబరు దొరికితే హిందీకి ఒకటి, ఇంగ్లిష్‌కు రెండు, ఆపైన పావుగంట సంగీతం. చీరాలలోనో సిద్దిపేటలోనో అరవై దాటిన మనిషి ఇదంతా దాటుకుని వెళ్లలేక గూగుల్‌లో కొడితే, అక్కడ మొదటి రింగుకే ఎత్తి తెలుగులో "చెప్పండి అమ్మా" అనే గొంతు దొరుకుతుంది. ఆమె మోసపోవడంలో ఆమె తప్పేమీ లేదు. కంపెనీ ఇవ్వని సేవను దొంగ ఇచ్చాడు, ఆమె నమ్మింది.

నంబరు దాచడం పొరపాటున జరిగేది కాదు. ఫోన్ కాల్‌కు ఖర్చవుతుంది కాబట్టి కాల్స్ ఎంత తగ్గితే అంత లాభమని లెక్క కడతారు. ఫోన్ రాకుండా మళ్లించడం కస్టమర్ సర్వీస్ రంగంలో ఒక లక్ష్యం, దానికి నెల నెలా అంకెలు చూస్తారు. మళ్లిన ఆ మనిషి తర్వాత ఎక్కడికి వెళ్లాడన్న అంకె మాత్రం ఏ రిపోర్టులోనూ ఉండదు. అతను వెళ్లేది సెర్చ్ బార్ దగ్గరికే. కంపెనీ ఒక కాల్ మీద మిగుల్చుకున్న కొద్ది రూపాయలకు వినియోగదారుడు జీవితకాలపు పొదుపుతో మూల్యం చెల్లిస్తున్నాడు.

దీని మూలం ప్రాజెక్ట్ టీం కూర్పులో ఉంది. కొత్త యాప్ గానీ, కొత్త పేమెంట్ పద్ధతి గానీ తీసుకొచ్చేటప్పుడు కంపెనీలు ఎవరెవరిని కూర్చోబెడతాయో చూడండి. డెవలపర్లు ఉంటారు, డిజైనర్లు ఉంటారు, మార్కెటింగ్, ఫైనాన్స్, లీగల్ ఉంటాయి. నెలల తరబడి మీటింగులు నడుస్తాయి. కస్టమర్ కేర్ వాళ్లకు విషయం చేరేది లాంచ్‌కు వారం ముందు, అదీ నాలుగు స్లయిడ్ల పీపీటీగా. చాలాచోట్ల ఆ కేర్ సిబ్బంది కంపెనీ ఉద్యోగులే కారు, బయటి ఏజెన్సీ మనుషులు. రోజంతా జనం గోడు వినేది వాళ్లు, ఏ బటన్ దగ్గర జనం తడబడుతున్నారో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకు, నిర్ణయం తీసుకునే గదిలో కుర్చీ లేనిదీ వాళ్లకే. ఒక్కో కాల్‌ను ఎన్ని నిమిషాల్లో ముగించారన్నదే వాళ్ల పనికి కొలమానం. వంద రూపాయలు తిరిగి ఇచ్చే అధికారం కూడా ఉండదు. "పై వాళ్లకు పంపించాను సార్, 48 గంటలు ఆగండి" అనడం తప్ప వాళ్ల చేతిలో ఏముంది? మోసగాళ్ల టీంలో ఫోన్ మాట్లాడేవాడికీ, డబ్బు కదిలించేవాడికీ మధ్య నిమిషం దూరం. కంపెనీ టీంలో ఆ దూరం రెండు రోజులు. ఇదీ మనం ఓడిపోతున్న చోటు.

మంచి టీం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి తెలుగువాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలైంది. మూడంకెల నంబరు, చదువు రాని వాళ్లకు కూడా నోటికి వచ్చేది, బండి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. ఫోన్ ఎత్తిన మనిషి ఊరు, దారి, రోగి పరిస్థితి అడిగి తీసుకుంటారు, దగ్గరలోని బండిని కదిలిస్తారు. బండిలో అత్యవసర వైద్యంలో శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటారు, బండి నడిపేవాళ్లను పైలట్ అంటారు, దారిలో సలహా చెప్పడానికి ఫోన్‌లో డాక్టరు ఉంటారు. ఫోన్ ఎత్తిన మనిషి మాట మీదే బండి కదలాలని మొదటి రోజే అనుకుని కట్టిన టీం అది. బండ్లు సరిపోవడం లేదనీ, ఆలస్యమవుతున్నాయనీ తర్వాతి కాలంలో ఫిర్యాదులు వచ్చాయి, అవి నిజమే. కానీ ప్రమాదం జరిగిన చోట ఎవరూ '108 నంబరు ఎంత' అని గూగుల్‌లో వెతకరు. దొంగ దూరడానికి అక్కడ సందే లేదు.

కార్ల కంపెనీ టొయోటా ఫ్యాక్టరీల్లో లైన్ మీద పనిచేసే మామూలు కార్మికుడు లోపం కనిపిస్తే తాడు లాగి పని ఆపించగలడు. ఆ పద్ధతిని అమెజాన్ తన కస్టమర్ సర్వీస్‌కు తెచ్చుకుంది. ఒక వస్తువు మీద ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తే ఫోన్ ఎత్తే ఉద్యోగే ఆ వస్తువు అమ్మకాన్ని ఆపించవచ్చు. మన కంపెనీలు ఎన్నింటిలో కేర్ ఉద్యోగికి ఇంత అధికారం ఉంది? ఫోన్ ఎత్తే మనిషికి ఆ అధికారం ఇవ్వండి. మొదటి మీటింగ్ నుంచే ఆ విభాగం మనిషిని టీంలో కూర్చోబెట్టండి. 'జనం ఇబ్బంది పడితే ఎవరికి, ఏ నంబరుకు, ఏ భాషలో చెప్పుకుంటారు' అన్న ప్రశ్నకు జవాబు దొరకకుండా లాంచ్ తేదీ ప్రకటించకండి. మీ కంపెనీ పేరుతో నెట్‌లో ఏ నంబర్లు తిరుగుతున్నాయో రోజూ వెతికి, దొంగవాటిని తీయించే పని పేరు పెట్టి ఒకరికి అప్పగించండి. అందరి పని అంటే ఎవరి పనీ కాదు. ఏజెన్సీ సిబ్బందిని కూడా మీ టీంగానే చూడండి, వాళ్ల చేతిలో ఉన్న జనం వివరాలకు కాపలా పెట్టండి. 66.9 కోట్ల మంది వ్యక్తులు, సంస్థల వివరాలు దగ్గర పెట్టుకుని అమ్ముతున్న మనిషిని 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ వివరాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏదో ఒక సంస్థ లోపలి నుంచో, దాని తరఫున పనిచేసే ఏజెన్సీ నుంచో జారి ఉండాలి.

ఫిర్యాదు ఎవరికి చెప్పుకోవాలో కంపెనీ కనబరచాలని చట్టం కూడా అంటోంది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే ప్రతి సంస్థ ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు తన వేదిక మీద కనబరచాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ పేరు ఎక్కడ ఉందో వెతకండి. చాలా సైట్లలో అది అట్టడుగున, చదవలేనంత సన్నని అక్షరాల్లో ఉంటుంది. నిబంధన పాటించామనిపించుకోవడానికి అది చాలు, తెనాలిలో ఉన్న ఒక పెద్దావిడను కాపాడటానికి చాలదు. నంబరు యాప్ మొదటి పేజీలో ఉండాలని, మనిషి మాట్లాడే దారి తప్పనిసరని వినియోగదారుల వ్యవహారాల శాఖ నిబంధన తేవాలి. సెర్చ్ కంపెనీలు కూడా తప్పించుకోలేవు. 'కస్టమర్ కేర్' అన్న మాటతో వెతికినప్పుడు, కంపెనీ తనదని ధ్రువీకరించిన నంబరు తప్ప వేరేది చూపకూడదు. ప్రకటన మీద డబ్బు తీసుకున్నవాళ్లకు ఆ ప్రకటన ఎవరిదో చూసుకునే బాధ్యత ఉంది.

చిన్న వ్యాపారం నడిపేవాళ్లు ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోవద్దు. ట్రావెల్స్, హోటళ్లు, కొరియర్ ఆఫీసులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, గ్యాస్ ఏజెన్సీలు, చివరికి పుణ్యక్షేత్రాల్లో గది బుకింగుల పేర్ల మీద కూడా దొంగ నంబర్లు పుడుతున్నాయి. గూగుల్‌లో మీ షాపు వివరాలను మీరే సొంతం చేసుకోకపోతే వాటిని ఎవరైనా మార్పించే ప్రమాదం ఉంది.

వ్యాపారులకు విన్నపం: ఈ రాత్రి దుకాణం కట్టేసే ముందు మీ సంస్థ పేరు, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని గూగుల్‌లో కొట్టి చూడండి. వచ్చిన ప్రతి నంబరుకూ మీరే ఫోన్ చేయండి. మీది కాని గొంతు పలికితే, రేపు తెల్లారేదాకా ఆగకుండా గూగుల్‌కు రిపోర్ట్ కొట్టి, సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, మీ కస్టమర్లందరికీ అసలు నంబరు మెసేజ్ పెట్టండి. పాఠకులకు విన్నపం: 1930ని ఇప్పుడే మీ ఫోన్‌లో, మీ అమ్మానాన్నల ఫోన్‌లో సేవ్ చేయండి.